సాయంత్రంలోగా ఆరాల్సిన బొంత

వంశీకృష్ణ వాషింగ్ మెషీన్ మూత ఎత్తాడు. లోపల నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

నురగ కూడా గులాబీ రంగుకి తిరిగింది. ఆ నురగ మధ్య, నీళ్లు తాగి ఉబ్బిపోయిన బొంత మెషీన్ని కదలనివ్వకుండా బిగుసుకు కూర్చుంది. మోటారు ఒకసారి మూలిగి ఆగిపోయింది. పక్కన గొట్టం ఊడి, నీళ్లు మెట్ల మీదుగా కిందికి పారుతున్నాయి.

అది మామూలు బొంత అయితే నవ్వుకుని ఊరుకునేవాడు. అది రుద్రమ్మ కుట్టిన బొంత. రుద్రమ్మ అతని అత్తగారు. రెండేళ్లుగా అతనితోనూ, తన సొంత కూతురు దివ్యశ్రీతోనూ మాట్లాడని మనిషి. పంజాగుట్ట ఆసుపత్రిలో దివ్య ఆడపిల్లను కన్నదని తెలిశాక కూడా ఆవిడ కూతురికి కబురు పంపలేదు, ఫోన్ చేయలేదు. పాత చీరల్ని పొరలు పొరలుగా పరిచి కుట్టిన ఈ చిన్న బొంతను చుట్టగా చుట్టి, నాలుగో రోజున బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపింది.

పొద్దున జూబ్లీ బస్టాండ్‌లో దాన్ని అందుకున్నది దివ్య పెద్దమ్మ కొడుకు ఓదెలు. అమీర్‌పేటలో ఆటో నడుపుతాడు. బొంతతో పాటు మాట కూడా అతనే మోసుకొచ్చాడు.

"బావా, చిన్నమ్మ ఎస్టీడీ నుంచి మాట్లాడింది. సాయంత్రం బస్సుకు వస్తదట. పాప ఆ బొంత మీద పండుకుని కనవడితెనే లోపలికొస్తదట. లేకుంటె గుమ్మం కాడ్నుంచే తిరిగిపోతదట. గిది ఆమె మాట, నా మాట గాదు. నన్ను చూడకు."

ఆ పంతానికి కారణం ఉంది. వంశీ, దివ్య రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నప్పుడు రుద్రమ్మ ఇదే ఓదెలు చేత ఒక చీర పంపింది. దివ్య అప్పటి కోపంలో దాన్ని మడత విప్పకుండా తిప్పి పంపింది. అమ్మ రాకుండా చీరొస్తే ఏం చేసుకోను అంది. రుద్రమ్మ ఆ మాట మర్చిపోలేదు. ఇప్పుడు రెండోసారి బట్ట పంపింది. మూడోసారి పంపే మనిషి కాదు.

చిక్కల్లా ఏమిటంటే, బొంత బస్సు టాపు మీద వానలో తడుస్తూ వచ్చింది. బురద, డీజిల్ వాసన. ఆసుపత్రికి అలాగే తీసుకెళ్తే నర్సు దివ్యను కనీసం విప్పి చూడనివ్వలేదు. ఉతకాలి, పూర్తిగా ఆరాలి, లోపల రవ్వంత చెమ్మ ఉన్నా పసిబిడ్డ కింద వెయ్యనివ్వనని చెప్పేసింది. దివ్య మంచం మీంచి అతని చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు చాలు అతనికి.

అతను అమీర్‌పేటలో జావా చెప్పే ఫ్యాకల్టీ. వైటూకే గండం గడిచి, ప్రతి గోడ మీదా కొత్త కోర్సు పోస్టర్ మొలుస్తున్న ఏడాది అది. ఇంట్లో కొత్త వాషింగ్ మెషీన్ ఉంది. అందులో వేడినీళ్లు పోసి, డబ్బా వంచి పౌడరు వేసి, మీట తిప్పి, స్నానానికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి ఇదీ సంగతి.

ప్లగ్గు పీకేశాడు. చేతికందిన మూల పట్టుకుని బలంగా పైకి లాగాడు. బొంత జానెడు లేచింది. అతని గుప్పిట్లో ఆ మూల నోరు తెరుచుకుంది. పై చీర ఒకవైపు, కింది చీర ఒకవైపు. మధ్యలో కుట్టు లేదు.

చింపేశాననుకున్నాడు. ఎంత చిరిగిందో చూద్దామని ఆ మూలలోంచి రెండు వేళ్లు పెట్టి పొర ఎత్తాడు.

లోపల నీలం గళ్ల బట్ట ఉంది.

చీర కాదు. చొక్కా. గుండీలు తీసేసి, చేతులు విప్పి, పలచగా పరిచి కుట్టిన చొక్కా. జేబు ఊడదీసిన చోట గోరంత సిరా మరక. ఆ మరక తనకి తెలుసు. ఆఖరి పరీక్ష రోజున పెన్ను కక్కిన సిరా అది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు.

రెండేళ్ల కిందట దివ్యను తనకిమ్మని అడగడానికి ఒంటరిగా హుజూరాబాద్ దాటి వాళ్ల ఊరికి వెళ్లాడు. దారిలో వాన. ముద్దగా తడిసి గుమ్మంలో నిలబడితే ఎవరో పొడి చొక్కా ఇచ్చారు. అది తొడుక్కుని కూర్చున్నాక రుద్రమ్మ ఒక్కటే అడిగింది, నీ వెంట ఎవరొచ్చిండ్రని. ఎవరూ లేరన్నాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి ఇంటర్లో ఉండగా పోయాడు. గుంటూరు హాస్టళ్లలో పెరిగాడు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు లేరు. వెనకా ముందూ ఎవరూ లేనోనికి పిల్లను ఎట్లిస్త అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. అతను తన తడి చొక్కా దండెం మీదే వదిలేసి, ఇచ్చిన చొక్కాతోనే బస్సెక్కాడు.

ఆ వదిలేసిన చొక్కా ఇప్పుడు తన కూతురి బొంతలో ఉంది.

రుద్రమ్మ అతన్ని తమ ఇంటి మనిషిగా రానివ్వలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. రానిచ్చింది. ఆ చొక్కాని ఎప్పుడో మడత పెట్టి దాచింది, పిల్ల పుట్టేసరికి తీసి కుట్టింది. దాన్నే అతను వేడినీళ్లలో ఉడకబెట్టి, మూల చింపేశాడు.

"ఏంటి బాబూ, కృష్ణానది మా వంటింట్లోకి వదిలావా?"

మెట్ల మీద చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని రత్నమాల నిలబడి ఉంది. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు. నీళ్ల ట్యాంకు విషయంలో వారానికోసారి అతనితో గొడవ పడే మనిషి. ఇంకా చాలా అనడానికే వచ్చింది. మెషీన్లోకి తొంగి చూసి, అతని మొహం చూసి, కుచ్చిళ్లు నడుముకి దోపింది.

అతను ఉన్నదంతా చెప్పాడు. చొక్కా సంగతి ఒక్కటి తప్ప.

"ముందు ఆ మూల వదులు. తడిసిన బొంతని మూల పట్టుకుని లాగితే నీళ్ల బరువంతా కుట్ల మీద పడుతుంది. దుప్పటి ఒకటి పట్రా."

దుప్పటిని బొంత కిందికి దూర్చి, ఇద్దరూ రెండు వైపులా పట్టి, పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి పెద్ద టబ్బులోకి మార్చారు. చన్నీళ్లు పోశారు. ఎర్రగా దిగాయి. పారబోసి మళ్లీ పోశారు. లోపలెక్కడో ఉన్న ఎర్రచీర ఒకటి వేడినీళ్లకి రంగు వదిలిందని రత్నమాల తేల్చింది. ముందే తెల్లగుడ్డ తడిపి ఒక అంచు మీద రుద్ది చూసుంటే తెలిసేదని సణిగింది. గుప్పెడు ఉప్పు తెచ్చి వేసింది.

"ఉప్పుతో రంగు ఆగుతుందా ఆంటీ?"

"ఏమో. మా అత్తగారు వేసేది. ఆవిణ్ణి అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికుంది? నువ్వు నీళ్లు మాత్రం మారుస్తూ ఉండు, తెల్లగా దిగేదాకా. నాననివ్వకు. నిలవుంటే ఆ రంగే మళ్లీ పైనున్న తెల్లచీరకి పట్టుకుంటుంది."

బ్రష్ ముట్టనివ్వలేదు. కుంకుడు రసం నురగ పట్టించి, అరచేతుల్తో అద్దడమే. బురద వదిలింది, డీజిల్ వాసన వదిలింది. చాలాసేపటికి నీళ్లు తేటగా దిగాయి. తెల్లచీర మీద ఒక పక్క లేత గులాబీ నీడ మాత్రం ఉండిపోయింది. పిండబోతున్న అతని చేతి మీద ఒక్కటి వేసింది రత్నమాల. పిండితే లోపలి పొరలు మెలిపడి ఉండలు కడతాయట. పొడి తువ్వాళ్ల మధ్య పరిచి చుట్టి, ఆ చుట్ట మీద మోకాళ్లతో నొక్కమంది. తువ్వాళ్లు తడిశాయి. మార్చి మళ్లీ నొక్కాడు. పొద్దుటి జావా ఫ్యాకల్టీ ఇప్పుడు బాత్రూం గచ్చు మీద బొంత తొక్కుతున్నాడు.

మూల చూపించి ఇప్పుడే కుట్టెయ్యనా అని అడిగాడు.

"తడి మీద కుడితే ఆరాక ముడుచుకుంటుంది. ఆరనీ." సూది, తెల్లదారం ఉండ తెచ్చి అతని జేబులో వేసింది. "నాకు కళ్లు ఆనవు. నువ్వే కుట్టుకోవాలి."

డాబా మీద నవారు మంచం వేసి, బొంతను దాని మీద పరిచారు. దండెం మీద వేలాడేస్తే నీళ్లన్నీ కింది అంచుకి దిగి సాగిపోతుందట. మంచం మీదైతే కింది నుంచి కూడా గాలాడుతుంది. ముందు రంగు చీర ఉన్న వైపు కిందికి, రెండో వైపు ఎండకి. ఎండ బాగానే ఉంది. గంటకోసారి తిరగేస్తే సాయంత్రానికి ఆరిపోతుందని రత్నమాల ధైర్యం చెప్పింది.

రెండోసారి తిరగేస్తుండగా బేగంపేట వైపు ఆకాశం నల్లబడింది.

మొదటి చినుకు పడేలోగా బొంతను దుప్పటితో సహా ఎత్తుకుని కిందికి పరుగెత్తాడు. ఇంట్లో ఒక్క ఫ్యాను. చెమ్మ గోడలు. పైగా మధ్యాహ్నం బ్యాచి ఉంది, మానేస్తే ఒప్పుకునే డైరెక్టరు కాడు కృష్ణమోహన్. వాన, బ్యాచి, బస్సు మూడూ ఒకేసారి ముంచుకొస్తున్నాయి. వంశీ ఆలోచించింది ఒక్క క్షణం. ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ ఉంది. ల్యాబ్‌లో ఏసీ ఉంది, రెండు వరసల కంప్యూటర్లున్నాయి. డబ్బాల్లాంటి ఆ మానిటర్ల వెనక చెయ్యి పెడితే వేడి సెగ కొడుతుంది.

బొంతను ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, గుండెకి హత్తుకుని, ఇన్‌స్టిట్యూట్ ఉన్న మైత్రీవనం వైపు నీళ్లలో పరుగెత్తాడు. జిరాక్స్ షాపుల ముందు నిలబడ్డ కుర్రాళ్లు దారిచ్చారు. పసిపిల్లని తీసుకెళ్తున్నాడనుకున్నారేమో.

ల్యాబ్‌లో విద్యార్థులు అతను చెప్పింది విని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. తర్వాత లేచి కుర్చీలు జరిపారు. రెండు వరసల మానిటర్ల వీపులూ ఎదురెదురుగా ఉండే నడవలో కుర్చీల వీపుల మీద దుప్పటి కట్టి, దాని మీద బొంత పరిచారు. మానిటర్లకి ఆనకుండా జానెడు ఎడం. అటు సెగ, ఇటు సెగ, పైన ఏసీ పొడిగాలి. వంశీ బోర్డు మీద లూపుల గురించి చెబుతూ, లూపు తిరిగినప్పుడల్లా వెళ్లి బొంత తిరగేసి వచ్చాడు. భానుశ్రీ అనే నెల్లూరు అమ్మాయి అది తన పని అని చెప్పి అతన్ని బోర్డు దగ్గరికి పంపేసింది.

సరిగ్గా అప్పుడే కృష్ణమోహన్ తలుపు తోసుకుని వచ్చాడు. వెనక కొత్తగా చేరబోయే పిల్లల తల్లిదండ్రులు. ల్యాబ్ చూపించడానికి తెచ్చాడు. నడవలో బొంత చూసి ఆగిపోయాడు. వంశీ బోర్డు దగ్గర సుద్దముక్కతో నిలబడిపోయాడు. ఉద్యోగం సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"ఏంటిది వంశీ?"

"మా పాపది సార్. సాయంత్రంలోగా ఆరాలి. మా అత్తగారు వస్తున్నారు."

కృష్ణమోహన్ బొంత దగ్గరికి వెళ్లి కుట్ల మీద వేలు పెట్టి చూశాడు. వెనక్కి తిరిగి, ఈ ల్యాబ్ తర్వాత చూద్దామని ఆ పెద్దలతో చెప్పి బయటికి నడిపించుకుపోయాడు. కాసేపటికి అటెండరు డైరెక్టరు గదిలోని టేబుల్ ఫ్యాను మోసుకొచ్చి బొంతకి ఎదురుగా పెట్టాడు. సార్ ఏమీ చెప్పలేదండీ, ఇది ఇమ్మన్నారు అంతే అన్నాడు.

ఫ్యాను పావుగంట తిరిగింది. కరెంటు పోయింది.

యూపీఎస్ మీద కంప్యూటర్లు వెలుగుతూనే ఉన్నాయి. ఏసీ లేదు, ఫ్యాను లేదు. గాలి బిగిసిపోయింది. ముందు వరసలో ఎవరో నోట్సు కట్ట తీసి విసరడం మొదలుపెట్టారు. రెండో వాళ్లూ తీశారు. కాసేపట్లో ల్యాబ్ అంతా జావా నోట్సులతో బొంతకి విసురుతోంది. ఆ నోట్సు రాసినవాడు వంశీయే. అవి ఇంత ఉపయోగపడటం అతను ఎన్నడూ చూడలేదు.

పైపొర ఎప్పుడో పొడిబారింది. అయితే రత్నమాల పదేపదే చెప్పింది, బొంత పైన ఆరి లోపల మోసం చేస్తుందని. రెండు అరచేతుల మధ్య గట్టిగా నొక్కి పట్టుకుని ఆగాలి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. అంచులు నొక్కాడు, బాగానే ఉన్నాయి. నడిమధ్య, చొక్కా ఉన్నచోట, చల్లగా తగిలింది. విసరమన్నాడు. మళ్లీ నొక్కాడు. చల్లదనం తగ్గింది. విసరమన్నాడు. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగింది. ఈసారి నొక్కితే తన చేతుల వెచ్చదనమే తనకి తిరిగొచ్చింది.

బొంతను ఒళ్లో వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కించాడు. హాస్టల్లో చొక్కా గుండీలు కుట్టుకున్న చెయ్యి అది, అంతకు మించి రాదు. నోరు తెరిచిన మూలను మూసి, నాలుగు పొరలూ కలిపి కుట్టాడు. కుట్లు వంకర. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. భానుశ్రీ తాను కుడతానంది. వద్దన్నాడు. చింపింది తను.

ఆసుపత్రిలో నర్సు బొంతను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది, చెంపకి ఆనించి చూసింది, నడిమధ్యే నొక్కి చూసింది. ఏమీ అనకుండా మడత విప్పి పాప మంచం మీద పరిచింది. పాపను దాని మీద వేశారు. పాప కాళ్లు రెండుసార్లు ఆడించి, బొంత మెత్తదనానికి సర్దుకుని కళ్లు మూసింది. దివ్య కూతుర్నే చూస్తోంది. వంశీ మాత్రం తన కుట్టు పడిన మూల గోడవైపుకి వచ్చేలా మంచం కొంచెం జరిపాడు.

కారిడార్‌లో ఓదెలు గొంతు వినిపించింది.

రుద్రమ్మ గుమ్మం అవతలే ఆగింది. వానకి కొంగు తడిసి ఉంది. వెనక ఓదెలు భుజం మీద బట్టల సంచి. బరువుకి దాన్ని కింద పెట్టబోయాడు.

"దించకు," అంది రుద్రమ్మ, వెనక్కి తిరగకుండానే.

పాపను చూసింది. పాప కింద ఉన్నదాన్ని చూసింది. చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. దివ్య అమ్మా అనబోయి ఏడ్చేసింది. రుద్రమ్మ కూతురి నెత్తిన చెయ్యి వేసింది. తర్వాత మనవరాలి వైపు వంగింది. పాప చెంప తాకి, బొంత మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా నిమిరింది. గులాబీ నీడ దగ్గర చెయ్యి ఒకసారి ఆగింది. ముందుకు సాగింది. గోడవైపు మూల దగ్గరికి వెళ్లి మళ్లీ ఆగింది.

అక్కడే ఉండిపోయింది.

"ఈ మూల ఎవరు కుట్టిండ్రు?"

వంశీ ఆ మూల దగ్గరికి వచ్చాడు. అబద్ధం ఒకటి సిద్ధంగానే ఉంది, ఆసుపత్రి వాళ్లెవరో కుట్టారని. ఆవిడ వేళ్లు తన వంకర కుట్ల మీద ఉన్నాయి. చెప్పలేకపోయాడు.

"నేనే. మెషీన్లో వేశాను. బయటికి లాగేటప్పుడు చిరిగిపోయింది. రంగు కూడా నా వల్లే దిగింది. తెలియక చేశాను."

దివ్య తల తిప్పి ఆ మూల చూసింది. ఆమె మొహం మారిపోయింది.

"కుట్టేసినవా?" అంది మెల్లగా. "అది చినగలేదు వంశీ. అమ్మ కావాలనే ఇడిసిపెడ్తది."

అతనికి అర్థం కాలేదు. రుద్రమ్మ మంచం అంచున కూర్చుంది. వాళ్లింట్లో పసిపిల్లల బొంత కుడితే మూడు మూలలే కుడతారని చెప్పింది. తల్లి దిక్కు వాళ్లు కుట్టేది అంతవరకే. నాలుగో మూల తండ్రి దిక్కు మనిషి కుట్టాలి, అప్పుడే పిల్ల రెండిళ్లదీ అవుతుంది. దివ్య బొంతకి దివ్య నాయనమ్మ కుట్టింది. ఈ బొంత మూడు మూలలూ అయ్యాక సూది పక్కన పెట్టేసిందట. ఇడిసిపెట్టుడైతే రివాజు. గీయన దిక్కు కుట్టేటందుకు ఎవరున్నరని బస్సులో వచ్చినంతసేపూ అదే యాది చేసుకుందట. ఆ మూల అట్లనే తెరుచుకుని ఉంటదేమోననుకుందట.

"విప్పెయ్యనా అత్తయ్యా?" అన్నాడు వంశీ. ఆ పిలుపు అతను వాడటం అదే మొదలు. "మీ పద్ధతి ప్రకారం ఎవరైనా పెద్దవాళ్ల చేత—"

"కుట్టినంక ఇప్పుతరా ఎవరన్న?" రుద్రమ్మ మూలను రెండు వేళ్లతో పట్టి లాగి చూసింది. వంకర కుట్లు కదల్లేదు. "సూది పట్టుడు రాదు నీకు. కానీ గట్టిగనే ఉంది."

అతని వైపు చూడకుండా అడిగింది.

"లోపల చూసినవా?"

"చూశాను."

"సిరా మరక పోలే. మస్తు రుద్దిన."

"పోదండీ అది. నేనూ చాలా రుద్దాను."

రుద్రమ్మ పెదవి మీద నవ్వులాంటిదేదో కదిలి, వెంటనే సర్దుకుంది. మళ్లీ ఎప్పుడన్నా దీన్ని ఆ మెషీన్ దిక్కు తీసుకపోతే బాగుండదని అల్లుణ్ణి హెచ్చరించింది. పాప ఒకసారి మూలిగి, గుప్పిట విప్పి, బొంత కుట్లను పట్టుకుంది.

గుమ్మంలో ఓదెలు సంచిని భుజం మార్చుకున్నాడు. చిన్నమ్మా, చెయ్యి గుంజుతున్నది, ఏదో ఒకటి చెప్పరాదూ అన్నాడు.

"సంచి దించురా," అంది రుద్రమ్మ.